చుట్టం పిల్లాడు

పిల్లల పుస్తకమే కదా, ఒక పూటలో రాసి పారేయొచ్చు అని ఎవరైనా నా ముందు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పెద్దవాళ్ళ పుస్తకంలో తప్పు రాస్తే చదివినవాళ్ళు పట్టుకుంటారు, నలుగురిలో దులిపేస్తారు, అక్కడితో సరిపోతుంది. పిల్లల పుస్తకంలో రాస్తే పిల్లలు నమ్ముతారు. నమ్మి, ఆ నమ్మకంతోనే పెద్దవాళ్ళవుతారు. ఎడారిలో రాత్రిళ్ళు చలి వేస్తుందని ఒక్క ముక్క రాయాలన్నా నేను ఓ నాలుగు పుస్తకాలు తిరగేసి గానీ రాయను. మా పబ్లిషర్ పెద్దాయన నన్ను ‘జడ్జిగారూ’ అని పిలుస్తాడు. ముద్దుగానే పిలుస్తున్నాడని నేను అనుకుంటూ ఉంటాను.

రాసేది నేను, బొమ్మలు వేసేది మా చెల్లి. భూమ్మీద ఒక్కో చోట జనం ఎలా బతుకుతారు, ఎలాంటి ఇళ్ళు కట్టుకుంటారు, వాళ్ళ తాతముత్తాతలు ఎక్కడి నుంచి వచ్చారు, పిల్లలు బడికి దేనిమీద వెళ్తారు, ఇదీ మా పుస్తకాల వరస. ఏడాదికొకటి తెచ్చేవాళ్ళం. మంచు ప్రాంతం, ఎడారి, నీళ్ళలో గుంజలు పాతి వాటిమీద ఇళ్ళు కట్టుకునే ఊరు, గొర్రెల వెంట గుడారాలు మోసుకుంటూ తిరిగే మైదానం. ఇందులో మేమిద్దరం కళ్ళారా చూసింది ఒక్కటీ లేదు. పెద్దాయన ఆఫీసు పైన మేడగదిలో, పాత మ్యాపులూ ఫొటోలూ లైబ్రరీ నుంచి మోసుకొచ్చిన లావు పుస్తకాలూ ముందేసుకుని, కింద సైకిళ్ళ షాపువాడి సుత్తి దెబ్బలు వింటూ ప్రపంచమంతా తిరిగొచ్చాం.

ఎడారి పుస్తకం నుంచీ అన్నిటిలోనూ ఒక పిల్లాడు ఉంటాడు. ఎడారి ఇంటి వాకిట్లో మేకపిల్ల చెవి పట్టుకుని నిలబడి ఉంటాడు. తర్వాత పుస్తకంలో పడవ అంచున కాళ్ళు నీళ్ళలో వేలాడేసి కూర్చుని ఉంటాడు. ఆ పైఏడు గుడారంలో పొయ్యి పక్కన నిద్రపోతూ ఉంటాడు. పుస్తకం పుస్తకానికీ వాడికి ఒక ఏడు పెరుగుతుంది. చదివే పిల్లలకి అదొక ఆట. కొత్త పుస్తకం చేతికి రాగానే ముందు వాడెక్కడున్నాడో వెతుకుతారు, నేను ప్రాణం పెట్టి రాసింది తర్వాత చదువుతారు.

వాడు మా చెల్లి కొడుకు. ఇంట్లో బుడ్డోడు అనేవాళ్ళం. చెల్లీ మరిదీ అప్పటికి వేరుగా ఉంటున్నారు. పిల్లాడు తల్లి దగ్గర పెరుగుతున్నాడు, శనివారాలు తండ్రి వచ్చి తీసుకెళ్ళేవాడు. వాడు బడిలో చేరిన ఏడాది ఒక శనివారం మరిది వాణ్ణి పార్కుకని తీసుకెళ్ళాడు. మళ్ళీ తీసుకురాలేదు. దేశం దాటించేశాడని వారం తర్వాత తెలిసింది. ఏ దేశమో ఎవరూ చెప్పలేదు. పోలీసులు, లాయర్లు, ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ, మేం తిరగని గడప లేదు, బతిమాలని మనిషి లేడు. మరిది తరఫువాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. మా చెల్లి పిల్లాడి చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి కళ్ళు కాయలు కాచేలా చూసేది. పిలిస్తే పలికేది కాదు.

అప్పుడు చేతిలో ఉన్నది ఎడారి పుస్తకం. ఆగిపోయిందనే అనుకున్నాం. పెద్దాయన మంచివాడు, ఒక్క మాట తొందరపెట్టలేదు. ఒకరోజు నేను మేడ ఎక్కేసరికి చెల్లి బల్ల దగ్గర కూర్చుని వాకిలి బొమ్మ వేస్తోంది. ప్రాణం లేచొచ్చింది. వెనక నిలబడి చూశాను. ఆ ఇంటి పిల్లల మధ్య బుడ్డోడు ఉన్నాడు.

“ఈ ఇంట్లో ముగ్గురే పిల్లలని రాశాను కదే,” అన్నాను. “వాడికి అక్కడేం పని?”

“వాడు ఏ దేశంలో ఉన్నాడో మనకి తెలీదు కదక్కా,” అంది బొమ్మ మీంచి తల ఎత్తకుండానే. “ఎక్కడున్నా ఆ ఊళ్ళో ఒక బడి ఉంటుంది, ఆ బడికో లైబ్రరీ ఉంటుంది. ఏదో ఒక రోజు ఈ పుస్తకం తీస్తాడు. తీస్తే వాడికి వాడే కనిపిస్తాడు. అమ్మ నాకోసం వెతుకుతోందని తెలుస్తుంది.”

“మనది కథల పుస్తకం కాదే. ఉన్నది ఉన్నట్టు చెప్పే పుస్తకం.”

“వాడు ఉన్నాడు కదా,” అంది.

చివరికి నేనే ఒక దారి చూపించాను. ఆ ఇంటి పిల్లాడిగా వద్దు, చుట్టపుచూపుగా వచ్చిన పిల్లాడిగా వెయ్యి, బట్టలు కూడా మనవే వెయ్యి అన్నాను. చుట్టం ఎక్కడికైనా వస్తాడు, దానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు. అలా వాడు మా పుస్తకాల్లో చుట్టం పిల్లాడయ్యాడు. పెద్దాయన ఆ పుస్తకాల్ని పరాయి భాషల వాళ్ళకి కూడా ఇవ్వడం మొదలుపెట్టాక, మా చెల్లి అడిగే ప్రశ్న ఒక్కటే. “ఈసారి ఏ దేశానికి వెళ్తోందండీ?” ఆయన చెప్పగానే గోడ మీద మ్యాపులో ఆ దేశం మీద వేలు పెట్టి కాసేపు నిలబడేది.

వాణ్ణి ఏడాది ఏడాదికీ పెంచడమే పెద్ద పని. దాని దగ్గరున్న ఫొటోల్లో వాడు బడికి వెళ్ళిన మొదటి రోజు దగ్గరే ఆగిపోయాడు. అక్కడి నుంచి వాణ్ణి తనే పెంచాలి. ఆ వయసులో వాడు అచ్చం మా నాన్నలా ఉండేవాడు, అది నిజం. అందుకని నాన్న చిన్నప్పటి ఫొటోలు, మా బాబాయి ఫొటోలు, తన ఫొటోలు ముందేసుకుని కూర్చునేది. ఈ ఏడు పాలపళ్ళు ఊడతాయి, వచ్చే ఏడు మెడ సాగుతుంది అని తనలో తనే లెక్కలు వేసుకునేది. ముక్కు మా నాన్నది, నిటారుగా, చివర కాస్త వంగి. కళ్ళు తనవి. గడ్డం బాబాయిది.

“సగం వాళ్ళ నాన్న పోలిక కూడా వస్తుంది కదే,” అన్నాను ఒకసారి. ఉన్నమాట నోట్లో దాచుకోవడం నాకు చేతకాదు.

చెల్లి బ్రష్షు కడుగుతున్న చెయ్యి ఆపింది. “ఆ మొహం నా చేత్తో గియ్యను,” అంది. “ఒక్క గీత కూడా రానివ్వను. వాడు నా బిడ్డ, నా పోలికే.”

నోట్లో నాలుక లేని మనిషి మా చెల్లి. అలాంటిది ఆ మాట అన్నప్పుడు దాని గొంతు విని నేనే జంకాను. ఇక ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఏళ్ళు గడిచాయి. వాడి పక్కన ఆడుకునే పిల్లలు ప్రతి పుస్తకంలోనూ పిల్లలే, వాడొక్కడే పెరుగుతూ పోయాడు. “జడ్జిగారూ, మీ చుట్టానికి మీసాలొచ్చాయండీ,” అనేవాడు పెద్దాయన పేజీలు చూస్తూ. “పిల్లల పుస్తకంలో ఈ పెళ్ళికొడుకు ఎందుకండీ?” చెల్లి నవ్వేసి వాణ్ణి కాస్త వెనక్కి జరిపేది. వంతెన మీద నడిచే జనంలో ఒకడిగానో, పడవలోకి సామాను ఎక్కించేవాళ్ళలో ఒకడిగానో వేసేది. అంతేగానీ తియ్యమంటే తియ్యదు. వాడు పుస్తకంలోంచి పోయిన రోజు ఇంక వెతకడం మానేసినట్టే అని దాని నమ్మకం. నాకా నమ్మకం ఎప్పుడో పోయింది. దానికి చెప్పలేదు.

ఈమధ్య మా ఊరి పెద్ద లైబ్రరీవాళ్ళు పిల్లల గదిలో మా చెల్లి వేసిన అసలు బొమ్మలన్నీ వరసగా గోడకి పెట్టారు. మేమిద్దరం వచ్చి పిల్లలతో మాట్లాడాలన్నారు. పొద్దున్నే వెళ్ళాం. తలుపు పక్కన మొదలైతే గది చుట్టూ తిరిగి మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చేసరికి బుడ్డోడు పెరిగి పెద్దవాడైపోతాడు. అన్నీ అలా ఒక్కచోట నేను కూడా ఎప్పుడూ చూడలేదు. చెల్లి ఆ గోడ పొడుగునా నెమ్మదిగా నడిచింది. కొడుకు పెళ్ళి చూస్తున్న తల్లికి మల్లే ఉంది దాని మొహం.

పిల్లలు నన్ను కాల్చుకు తిన్నారు. “మీరు ఎడారికి వెళ్ళారా?” అంది ఒక జడల పిల్ల.

“వెళ్ళలేదు.”

“మరి ఒంటె మూపురంలో కొవ్వుంటుందని మీకెలా తెలుసు? మా మావయ్య నీళ్ళుంటాయన్నాడు.”

“మీ మావయ్య వెళ్ళాడా?”

“వెళ్ళలేదు.”

“అయితే ఇద్దరం వెళ్ళలేదు. నేను చదివాను, మీ మావయ్య చదవలేదు,” అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. మా చెల్లి పక్కన చిన్న కుర్చీలో కూర్చుని, పుస్తకం తెచ్చిన ప్రతివాళ్ళకీ లోపలి అట్ట మీద ఒక మేకనో పడవనో గీసి ఇస్తోంది.

పిల్లలు పలచబడ్డాక ఒక కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటే మరీ కుర్రాడు కాదు, ఉద్యోగం చేసే వయసు. భుజానికి సంచి వేలాడుతోంది. నేను నా బల్ల దగ్గర, పిల్లల్ని తీసుకొచ్చిన టీచరుగారితో మాట్లాడుతూ అతన్ని వీపు వైపు నుంచే చూశాను. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి ఆగి గది మొత్తం తిరిగాడు. అలా చూసేవాళ్ళంటే నాకు గౌరవం. తర్వాత చెల్లి ముందు నిలబడ్డాడు.

“మీ పుస్తకాలన్నీ చదివానండీ, చిన్నప్పటినుంచీ.”

“అలాగా బాబూ! ఏది నచ్చింది?”

“గుడారాల పుస్తకం,” అన్నాడు. గోడకేసి చూపించాడు. “ఈ అబ్బాయి అన్నిటిలోనూ ఉంటాడు కదండీ. నిజంగా ఉన్నాడా, లేక ఊరికే ఊహించి వేశారా?”

ఇన్నేళ్ళలో చాలామంది పిల్లలు అడిగారు ఆ ప్రశ్న. దొంగతనంగా ఎత్తుకుపోయారని పిల్లలకి చెప్పి భయపెట్టడం ఎందుకని చెల్లి ఒకే జవాబు చెప్పేది. చెప్పీ చెప్పీ తనకే అది నిజమైపోయింది.

“ఊహ కాదు బాబూ, నిజంగానే ఉన్నాడు. మా అబ్బాయి.”

“మీ అబ్బాయా?”

“అవును. నాకు ఒక్కడే కొడుకు.”

“బాగున్నాడా అండీ?”

“బాగున్నాడు. పెద్దవాడయ్యాడు. నీ అంత ఉంటాడు,” అంది చెల్లి మొహం వెలిగిపోతుంటే.

అతను తల ఊపాడు. “అదృష్టవంతుడండీ,” అన్నాడు. సంతకం అడగలేదు, బొమ్మ వెయ్యమనలేదు. సంచి సర్దుకుని తలుపు వైపు నడిచాడు.

అప్పుడు పక్కనుంచి చూశాను ఆ మొహం. దళసరి కనుబొమలు, నుదుటి మీదికి దిగిన జుట్టు, వెడల్పాటి దవడ, ఒక భుజం కాస్త దించి నడిచే నడక. నాకు ముందు వచ్చింది కోపం. ఈ మనిషికి ఎంత ధైర్యం, మా చెల్లి ముందుకొచ్చి నిలబడి కబుర్లు చెబుతాడా అని లేచి నిలబడ్డాను కూడా. మా మరిదికి ఈపాటికి జుట్టు నెరిసి ఉండాలని రెండు క్షణాల తర్వాత తట్టింది. టీచరుగారు ఏదో అడుగుతున్నారు. నాకు వినపడలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగాను.

బస్‌స్టాపు దగ్గర దొరికాడు.

“ఒరే బుడ్డోడా!” అని అరిచాను. నలుగురూ తిరిగి చూశారు. వాడు తిరగలేదు, కానీ నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. అది చాలు నాకు. ఆయాసపడుతూ వెళ్ళి ముందు నిలబడ్డాను.

“పెద్దమ్మ కదూ,” అన్నాడు. “మీ ఫొటో పుస్తకం వెనక ఉంటుంది.”

“తెలిసే వచ్చావా? మరి లోపల నోరు విప్పలేదేం రా?”

“ఏమని విప్పను పెద్దమ్మా? ఒక్కడే కొడుకన్నారు కదా ఆవిడ.”

“ఆ ఒక్కడూ నువ్వేరా!”

చిన్నపిల్లని సముదాయిస్తున్నట్టు చూశాడు నన్ను. “ఆ బొమ్మల్లో ఉన్నది నేను కాదు. నేను అలా ఉండను. మీరే చూడండి.”

చూశాను. మా నాన్న ముక్కు లేదు. బాబాయి గడ్డం లేదు. చెల్లి కళ్ళు కూడా లేవు.

బస్సు వచ్చి వెళ్ళిపోయింది. వాడు ఎక్కలేదు. సంచి పట్టీ మెలిపెడుతూ నిదానంగా చెప్పాడు. బడి లైబ్రరీలో ఎడారి పుస్తకం దొరికిందట. అట్ట మీద వాళ్ళమ్మ పేరు చదివాడట. అందులో పిల్లాడు తనలాగే ఉన్నాడు. ఎంత సంతోషించాడో. దుప్పట్లో దాచుకుని పడుకున్నాడు. తర్వాత పుస్తకంలో కొంచెం తేడా. ఆ పై పుస్తకంలో ఇంకొంచెం.

“అద్దం ముందు పుస్తకం పెట్టుకుని చూసుకునేవాణ్ణి పెద్దమ్మా. ముక్కు లాక్కుని చూసేవాణ్ణి. ఎంత చూసినా ఆ అబ్బాయి నేను కాదు. అమ్మకి ఇంకో అబ్బాయి ఉన్నాడనుకున్నా. నన్ను ఇచ్చేసి, వాణ్ణి తీసుకుని దేశాలన్నీ తిరుగుతోందనుకున్నా. పెద్దయ్యాక, వాడిదీ నా వయసే, లెక్క కుదరదని తెలిసింది, అప్పుడు ఎవరినో తెచ్చి పెంచుకుంటోందేమో అనుకున్నా.”

“ఇచ్చేసిందని ఎవరు చెప్పార్రా నీకు?”

“నాన్న.”

“ఆ బొమ్మ ఆయనకి చూపించలేదా?”

“తర్వాత పుస్తకాల్లోవి చూపించా. ఎవరో నాకేం తెలుసన్నాడు. అది మాత్రం అబద్ధం కాదనుకుంటా, ఆయనా పోల్చుకోలేదు.” తల దించుకున్నాడు. “పోయినేడు చనిపోయాడు. ఇంక నాకెవరూ లేరు కదా, ఒకసారి దూరం నుంచైనా చూసి వెళ్దామని వచ్చా. ఆ అబ్బాయిని కూడా చూద్దామనుకున్నా.”

చనిపోయినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను తిట్టాను, బస్‌స్టాపులో నిలబడి, పైకే తిట్టాను. మా పుస్తకాల్లో ఒక్క తప్పు రానివ్వలేదని విర్రవీగానే, ఒక పసివాడు వాటిని అక్షరం అక్షరం నమ్మి, తల్లికి తను అక్కర్లేదని తేల్చుకున్నాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను.

“పద.”

“వద్దు పెద్దమ్మా.”

“పదరా. రాకపోతే ఇక్కడే కూర్చుని గొంతు చించుకుంటా. నా సంగతి నీకు తెలీదు.”

మేం వెళ్ళేసరికి పిల్లలు భోజనాలకి వెళ్ళిపోయారు. చెల్లి పెన్సిళ్ళు డబ్బాలో సర్దుకుంటోంది. వాణ్ణి చూసి నవ్వింది.

“మళ్ళీ వచ్చావా బాబూ? నీకు సంతకం పెట్టడమే మర్చిపోయాను.”

“సంతకం కాదే,” అన్నాను. “వీడు బుడ్డోడు.”

“ఊరుకో అక్కా. అలాంటి హాస్యాలు చెయ్యకు.”

“హాస్యం కాదే. సరిగ్గా చూడు.”

చెల్లి గోడకేసి చూసింది. ఆ చివర్నుంచి ఈ చివరికి, మేకపిల్ల చెవి పట్టుకున్నవాడి దగ్గర్నుంచి వంతెన మీదవాడి దాకా చూసి, అప్పుడు వాడికేసి తిరిగింది. మర్యాదగా, జాలిగా చూసింది.

“కాదక్కా,” అంది. “మా వాడి ముక్కు...”

మాట మధ్యలో ఆగిపోయింది. నాకెలా తెలిసిందో దానికీ అలాగే తెలిసింది. నేను కళ్ళారా చూశాను. ఒక అడుగు వెనక్కి వేసింది. కాలు తగిలి కుర్చీ పడిపోయింది. తలుపు తీయగానే ఎదురుగా మా మరిదే నిలబడి ఉంటే ఎలా వెనక్కి వేస్తుందో అలాగే వేసింది. కన్నబిడ్డని చూసి వెనక్కి తగ్గింది. వాడు ఆ అడుగు చూశాడు. చూసి, కుర్చీ లేవనెత్తి దాని చోట దాన్ని పెట్టాడు.

నేనే వాగాను. బడి లైబ్రరీ, దుప్పటి, అద్దం, ఇంకో కొడుకు, అన్నీ చెప్పేశాను. అద్దం ముందు ముక్కు లాక్కుని చూసుకున్నాడన్న మాట దగ్గర చెల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“కూర్చో నాన్నా,” అంది. “ఎండ అటు పడుతోంది, ఇటు తిరిగి కూర్చో. నిన్ను గీస్తాను.”

అది తప్ప దానికి ఇంకేమీ చేతకాదు. వాడు పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. చెల్లి కాగితం పెట్టుకుంది.

“తిన్నావా?”

“తిన్నానండీ.”

“ఏం చేస్తున్నావు?”

“మ్యాపులు గీసే ఆఫీసులో పనండీ.”

“బొమ్మలు వేస్తావా?” చెల్లి గొంతులో ఎక్కడో ఆశ.

“మనుషుల్ని వెయ్యలేనండీ. నదులు, రోడ్లు, కొండలు, అంతే.”

కన్నతల్లిని వాడు ‘అండీ’ అంటున్నాడు. తప్పు వాడిది కాదు. తెలియని పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడమని ఎవరో నేర్పించారు, బాగా నేర్చుకున్నాడు.

మా చెల్లి బొమ్మ వేయడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఎదుటి వస్తువునే చూస్తుంది, కాగితాన్ని అప్పుడప్పుడు చూస్తుంది. ఆరోజు కాగితాన్నే చూసింది. ముక్కు దగ్గరికి రాగానే మా నాన్న ముక్కు వచ్చింది. రబ్బరుతో తుడిచింది. గడ్డం వేస్తే బాబాయి గడ్డం వచ్చింది. అదీ తుడిచింది. ఇంకో కాగితం తీసుకుంది. మళ్ళీ ఆ చుట్టం పిల్లాడే వచ్చాడు, వంతెన మీదివాడే, కాస్త వయసు ముదిరి. చెరిపిన చోటల్లా కాగితం నూగు లేచిపోయింది.

వాడు తొంగి చూశాడు. “చాలా బాగుందండీ,” అన్నాడు. “పుస్తకంలో అబ్బాయిలాగే ఉంది.” వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

“నిన్ను గియ్యడం నాకు రావట్లేదు నాన్నా,” అంది చెల్లి.

“పర్లేదండీ,” అన్నాడు.

లైబ్రరీ ఆవిడ వచ్చి కిటికీలు వేసి వెళ్ళింది. విమానం అందుకోవడానికి సాయంత్రం రైలుందని చెప్పి వాడు లేచాడు. ఆ రాత్రికి మా ఇంట్లో ఉండమని నేను అడిగాను. సెలవు లేదన్నాడు. ఫోను నంబరు నాకు చెప్పాడు. సంచి భుజానికి తగిలించుకుని చెల్లి ముందు నిలబడ్డాడు.

“వెళ్తానండీ.”

“వెళ్తాననకూడదు,” అంది చెల్లి టక్కున. “వెళ్ళొస్తాననాలి.”

“వెళ్ళొస్తానండీ,” అన్నాడు బుద్ధిగా.

చెల్లి చెయ్యి వాడి చెంప దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, భుజం మీదికి దిగి, సంచి పట్టీ సరిచేసి వెనక్కి వచ్చేసింది. వాడు మెట్లు దిగాడు. నేను కిటికీ రెక్క తెరిచి, వాడు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. చెల్లి కిటికీ దగ్గరికి రాలేదు.

“అక్కా, ఎలా ఉన్నాడు?” అంది వెనకనుంచి.

“అదేంటే? ఇంతసేపూ నీ ఎదురుగానే కూర్చున్నాడు కదా.”

“నేను చూడలేదక్కా. చూద్దామని తలెత్తినప్పుడల్లా ఆయనే కనిపించాడు. నా బిడ్డని నేను చూడలేదు. చెప్పక్కా, ఎలా ఉన్నాడు?”

ఎత్తుగా ఉన్నాడని చెప్పాను. సన్నగా ఉన్నాడని, మెత్తగా మాట్లాడతాడని, కింద పడిన కుర్చీ తీసి పెట్టాడని చెప్పాను. చేతివేళ్ళు పొడుగని చెప్పాను.

“మొహం చెప్పు.”

“వాళ్ళ నాన్న మొహమే,” అన్నాను.

“మన నాన్నది ఏమీ లేదా? ఎక్కడా?”

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నాకు రాలేదు. “లేదే,” అన్నాను.

చెల్లి తల ఊపింది. గోడ పొడుగునా వరసగా ఉన్న పిల్లాణ్ణి చూస్తూ ఉండిపోయింది. తర్వాత నావైపు తిరిగింది.

“మరి ఇన్నేళ్ళూ నేను పెంచింది ఎవర్నక్కా?”

నాకు తెలీదే అన్నాను. దాని పక్కన ఆ చిన్న కుర్చీలో కూలబడి, దానికంటే గట్టిగా నేనే ఏడ్చాను.